విరగకాసిన సొరకాయలతో, గుమ్మడికాయలతో ఉదయం పూట తీపి టిఫిన్లు ఎలా చేసుకోవాలి?

బనశంకరి మిద్దెతోట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము బెంగళూరు బనశంకరిలో మూడంతస్తుల ఇంటి మిద్దె మీద నాలుగేళ్ళుగా కూరగాయలు పెంచుకుంటున్నాము. ఈసారి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క బహార్ రకం సొర విత్తనాలను రెండు పాత నీళ్ళ డ్రమ్ముల్లో నాటాను. పక్క డ్రమ్ములో తియ్య గుమ్మడి తీగ ఒకటి ఉంది. పోయిన ఏడాది పిందెలన్నీ రాలిపోయాయి కాబట్టి, ఈ ఏడాది సొరపువ్వు విచ్చుకునే సాయంత్రం వేళ, గుమ్మడిపువ్వు విచ్చుకునే తెల్లవారుజామున, నేనే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దుతూ వచ్చాను. ఆ శ్రద్ధకు ఫలితం అవసరానికి మించి దక్కింది. గడిచిన మూడు వారాల్లో ఒక్కొక్కటి కిలోకు అటూ ఇటూగా తూగే సొరకాయలు పద్నాలుగు, గుమ్మడికాయలు ఆరు కోశాను.

పప్పు, పులుసు, పచ్చడి, పాలు పోసిన కూర, ఆవ పెట్టిన కూర అన్నీ అయ్యాయి. ఎదురింటివారు మొదటి కాయను సంతోషంగా, రెండో కాయను మొహమాటంగా తీసుకున్నారు. మూడో కాయ పట్టుకుని వెళ్ళిననాడు తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. ఇక మధ్యాహ్నం భోజనంలో ఈ కాయలకు చోటు లేదని పిల్లలిద్దరూ తేల్చి చెప్పిన మీదట, ఉదయం టిఫినులోకి వీటిని తీపిగా మార్చవచ్చునా అన్న ఆలోచన వచ్చింది. మా పిల్లలు దర్శినికి (ఇక్కడ నిలబడి తినే చిన్న హోటలుకు) వెళ్ళి, తీపి కేసరి బాత్, కారపు ఖారా బాత్ కలిపి ఇచ్చే చౌచౌ బాత్ తీసుకుంటే కేసరి బాత్ మాత్రం తిని, ఖారా బాత్ నాకు వదిలేసే రకం. తీపి అంటే అభ్యంతరం ఉండదని నమ్మకం.

అయితే ఇప్పటివరకు చేసిన మూడు ప్రయత్నాలూ చెడిపోయాయి. మొదటిసారి, పులిసిన దోసెల పిండిలో సొరకాయ తురుము, బెల్లం కలిపి అట్లు పోస్తే అవి పెనానికి అంటుకుపోయి, అడుగు నల్లబడి, పైన పచ్చిగా మిగిలాయి. రెండోసారి, ఇడ్లీ పిండిలో గుమ్మడి తురుము, బెల్లం కలిపి పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టిస్తే మధ్యభాగం ముద్దగా, జిగటగా ఉండిపోయింది. మూడోసారి, సొరకాయ తురుమును పాలలో ఉడికించి బెల్లం వేయగానే పాలు విరిగిపోయాయి.

నాకు కావలసినవి పండుగ వంటలు కావు. నూనెలో వేయించే బూరెల వంటివి వద్దు. పిల్లల బడి బస్సు ఏడున్నరకు వస్తుంది కాబట్టి, పని చాలావరకు ముందురోజు రాత్రి ముగిసి, ఉదయం అరగంటలో టిఫిను తయారు కావాలి. చిటికెడు తురుము కలిపి పేరుకు కూరగాయ అనిపించుకోవడం కాక, కనీసం సగం కాయ ఒక్క పూటలో ఖర్చు కావాలి. మరొక సంగతి: మా అత్తగారికి చక్కెర వ్యాధి ఉంది. పంచదార బదులు బెల్లమే వాడుతున్నాము కాబట్టి ఆమె కూడా తినవచ్చునని అనుకుంటున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఇనుప పెనం (జవాబు):

మిద్దెతోట గారికి నమస్కారం. మాది నెల్లూరు. బసవనగుడిలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాము. మా పక్కవాటాలో చాలాకాలం ఉన్న ఉడుపి ప్రాంతపు పెద్దావిడ దగ్గర నేను ఈ తీపి దోసెలు నేర్చుకున్నాను. కరావళి ప్రాంతంలో, అంటే కర్ణాటక తీరంలో, కీర దోసకాయతోను, గుమ్మడికాయతోను ఇవి ఇంట్లో మామూలుగా చేసుకునే ఉదయపు టిఫిన్లే. ఆవిడ కీర దోసకాయతో చేసేవారు. నేను సొరకాయతో చేస్తాను, ఏ తేడా రాలేదు.

మీ మూడు ప్రయత్నాల్లో మొదటి రెండింటిని చెడగొట్టింది నీరే. సొరకాయలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా నీరే ఉంటుంది, గుమ్మడిలో కూడా తొంభై పాళ్ళ వరకు ఉంటుంది. గరిటె జారుడుగా సిద్ధమైన పిండిలో ఆ తురుము వేసి, పైగా బెల్లం కలిపితే, అది కాయ తురుములోని నీటిని బయటకు లాగుతుంది. కలిపినప్పుడు సరిగ్గా ఉన్న పిండి పది నిమిషాల్లో పలచబడిపోవడం మీరు గమనించే ఉంటారు. పలచని పిండి కాలడానికి ఎక్కువసేపు కావాలి, ఆలోగా అడుగున ఉన్న బెల్లం పాకమై, మాడి, పెనాన్ని పట్టుకుంటుంది. కాబట్టి కాయలోని నీటినే పిండికి నీరుగా వాడుకోవాలి, బయటి నీరు చుక్క కూడా పోయకూడదు.

ఒక గ్లాసు సోనా మసూరి బియ్యాన్ని నాలుగు గంటలు నానబెట్టి, నీరంతా వంచి, జల్లెడలో కాసేపు ఉంచండి. సొరకాయ చెక్కు తీసి, ముదురు గింజలు, దూదిలాంటి లోపలి భాగం తొలగించి, ముక్కలు రెండు గ్లాసులకు నిండుగా తీసుకోండి. మిక్సీలో ముందు ఆ ముక్కలే వేసి తిప్పితే అవి నీరవుతాయి. ఆ నీటిలో బియ్యం, పావు గ్లాసు కొబ్బరి కోరు, చిటికెడు ఉప్పు వేసి మెత్తగా రుబ్బాలి. మినప్పప్పు అవసరం లేదు, పులియబెట్టడం అసలే వద్దు, ఎందుకంటే పులుపు, సొరకాయ, బెల్లం ఈ మూడూ కలిస్తే వచ్చే రుచి ఎవరికీ నచ్చదు. ఈ పిండిని రాత్రి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. బెల్లం మాత్రం ఉదయం పోసే ముందే కలపాలి. అది కూడా పావు గ్లాసు తురుము మించకూడదు.

పావు గ్లాసుతో తీపి చాలదని మీకు అనిపించవచ్చు. ఈ విషయంలో కరావళివారి పద్ధతి మెచ్చుకోదగ్గది. వారు నీరు దోసెతో (పులియబెట్టని పలచని బియ్యప్పిండి అట్టుతో) పాటు కొబ్బరి కోరులో బెల్లం తురుము కలిపి పక్కన పెడతారు, దానిని కాయి బెల్ల అంటారు. తీపి పిండిలో కాక పళ్ళెంలో ఉంటుంది కాబట్టి పెనం మాడదు, ఎవరికి ఎంత కావాలో అంత నంచుకుంటారు. నేను ఇప్పుడు పిండిలో బెల్లం కేవలం రంగు కోసం రెండు చెంచాలు వేసి, మిగిలిన తీపినంతా కాయి బెల్లకే వదిలేస్తున్నాను.

పెనం గురించి కూడా ఒక మాట. నాన్‌స్టిక్ పెనం మీద ఈ అట్లు విరగకుండా వస్తాయి గాని అంచు కరకరలాడదు. బాగా వాడుకలో ఉన్న ఇనుప పెనమైతే, సగానికి కోసిన వంకాయను తొడిమ పట్టుకుని నూనెలో ముంచి రుద్దండి. ఉల్లిపాయ వద్దు, ఆ వాసన తీపి అట్టుకు అంటుతుంది. పెనం బాగా వేడెక్కాక మంట తగ్గించి, అప్పుడు పిండి పోసి, ఊతప్పం మందాన గుండ్రంగా సర్ది, చుట్టూ నెయ్యి వేసి మూత పెట్టండి. సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలకు పై భాగం తడి ఆరి, సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. తిరగవేయనక్కరలేదు. అంచు తనంతట తాను పైకి లేచేవరకు అట్లకాడ పెట్టవద్దు. తొందరపడితే మొదటి అట్టు మళ్ళీ మీకే మిగులుతుంది.

విరిగిన పాల సంగతి వేరు. బెల్లంలో ఉండే ఆమ్లత్వానికి, లవణాలకు మరిగే పాలు విరుగుతాయి. పాయసం పొయ్యి మీద నుంచి దించి, చేయి పెట్టగలిగినంత చల్లారాక, విడిగా కరిగించి వడకట్టిన బెల్లం కలిపితే ఆ ఇబ్బంది ఉండదు. కాని ఉదయం ఏడున్నర బస్సుకు పాయసం పొసగదని నా అభిప్రాయం.

తీగల మనిషి:

వంట గురించి పైవారు వివరంగా రాశారు. నేను ఉద్యోగ విరమణకు ముందు వ్యవసాయ శాఖలో పనిచేశాను కాబట్టి, ఈ విషయంలో తప్పనిసరిగా చెప్పవలసిన ఒక హెచ్చరిక చెబుతాను. సొరకాయను తీపి వంటలో వాడేటప్పుడు, కోసిన ప్రతి కాయ నుంచీ చిన్న ముక్క పచ్చిగా నాలుక మీద పెట్టి చూడండి. ఏమాత్రం చేదు తగిలినా ఉమ్మేసి, నోరు కడుక్కుని, ఆ కాయను పూర్తిగా పారవేయండి.

సొర, గుమ్మడి, దోస, బీర మొదలైన తీగజాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థాలు ఉంటాయి. సాగు రకాల్లో అవి చాలా తక్కువ. ఒక్కొక్కప్పుడు మాత్రం, చూడటానికి ఏ తేడా లేకుండానే, కాయలో అవి ప్రమాదకరమైన మోతాదుకు చేరతాయి. చేదు సొరకాయ రసం తాగినవారికి వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటివి కలిగిన సందర్భాలను, మరణాలను కూడా పరిశీలించిన భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల బృందం, రసం తీసే ముందు ముక్క రుచి చూడాలని, చేదుగా ఉంటే వాడరాదని, తాగాక వికారం మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని సూచించింది. ఆ నివేదిక 2012లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు.

ఉడికిస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. వంట వేడికి ఆ పదార్థాలు నశించవు. కూరలోనైతే చేదు వెంటనే తెలిసిపోయి ముద్ద పక్కన పెడతాము. బెల్లం, కొబ్బరి, యాలకులు కలిపిన అట్టులో ఆ చేదు కొంత కప్పబడుతుంది, పిల్లలు తీపి కోసం రెండో అట్టు కూడా తింటారు. నా భయమంతా అక్కడే. మామూలు కూరకంటే తీపి వంటకు రుచి చూడటం ఎక్కువ అవసరం.

మిద్దె తోటల్లో ఇంకొక కారణం కూడా తోడవుతుంది. డ్రమ్ములో మట్టి తక్కువ కాబట్టి ఎండ కాసిన రెండు రోజులు నీరు తప్పితే మొక్క ఒత్తిడికి లోనవుతుంది, అటువంటప్పుడు చేదు పెరిగే అవకాశం ఉంది. విత్తనం మీరు కొని తెచ్చిన రకమే కాబట్టి ఈ ఏడాది కాయలకు అంత బెంగ లేదు. వచ్చే ఏడాదికి మీ కాయల నుంచే విత్తనం కడతారేమో, అప్పుడు జాగ్రత్త అవసరం. చుట్టుపక్కల అడవి సొరగాని, అలంకారానికి పెంచే చేదు రకాలుగాని ఉండి వాటి పుప్పొడి మీ పువ్వుకు చేరితే, ఈ ఏటి కాయ రుచి మారదు, ఆ గింజ మొలిచి కాసిన కాయ చేదెక్కుతుంది. చేత్తో పుప్పొడి అద్దేవారికి ఒక సౌకర్యం ఉంది. మగ, ఆడ మొగ్గలను విచ్చుకోకముందే దారంతో కట్టి ఉంచి, విప్పి అద్దాక ఆడపువ్వును మళ్ళీ కట్టివేస్తే మరొక పుప్పొడి చేరదు, అలా గుర్తు పెట్టిన కాయ నుంచి గింజలు తీసుకోవచ్చు. కంపోస్టు కుండీలో తనంతట మొలిచిన తీగ కాయలను మాత్రం ఎంత ముచ్చటగా ఉన్నా రుచి చూడనిదే వండవద్దు.

కోనసీమ కోడలు:

గుమ్మడికాయ ఇడ్లీ మధ్యలో ఉడకకపోవడం గురించి చెబుతాను. పైన చెప్పిన నీటి సంగతి నిజమే గాని, బెల్లం చేసే మరొక పని కూడా ఉంది. తీపి ఎక్కువగా ఉన్న పిండిలో రవ్వ త్వరగా ఉబ్బి ఉడకదు, దానికి మామూలు ఇడ్లీకంటే ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి. పన్నెండు నిమిషాలు చాలవు. ఇరవై అయిదు నిమిషాలు పెట్టండి.

నేను మైసూరు రోడ్డు వైపు ఉంటాను. మా అపార్టుమెంటులో కొంకణి కుటుంబంవారు కీర దోసకాయ, రవ్వ, బెల్లంతో తవసళి అనే తీపి చేస్తారు. తవశె అంటే వారి భాషలో దోసకాయ. అది తిన్నప్పుడు నాకు మా అత్తవారి ఊరి పొట్టిక్కలు గుర్తుకు వచ్చాయి. అంబాజీపేట వైపు పనసాకులతో బుట్టలు కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికించేవాటిని పొట్టిక్కలంటారని తెలిసినవారికి తెలుసు. ఉడుపి, మంగళూరు వైపు కూడా అదే పనసాకు బుట్టలో ఉడికించి కొట్టె కడుబు అంటారు. ఇన్ని వందల మైళ్ళ ఎడంలో ఉన్న రెండు తీరాలకు ఒకే ఆకు, ఒకే ఆలోచన తోచడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఆ పద్ధతిలోకి గుమ్మడికాయను తెచ్చి నేను చేసేది ఇది.

గుమ్మడికాయ చెక్కు తీసి తురిమితే రెండు గ్లాసులు రావాలి. దానిని మందపాటి మూకుడులో చెంచాడు నేతితో రెండు నిమిషాలు మగ్గించి, ముప్పావు గ్లాసు బెల్లం తురుము వేసి, బెల్లం కరిగి తురుము తన నీటిలోనే తాను మునిగేవరకు ఉంచి దించండి. పాకం రానివ్వకూడదు. వేరుగా ఒక గ్లాసు ఇడ్లీ రవ్వను రెండు చెంచాల నేతిలో రంగు మారకుండా, కమ్మని వాసన వచ్చేవరకు వేయించండి. రెండూ చల్లారాక, అర గ్లాసు కొబ్బరి కోరు, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు చేర్చి కలిపి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఇదంతా రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాల పని. తెల్లవారేసరికి రవ్వ ఆ నీటినంతా పీల్చుకుని గట్టి ముద్దలా ఉంటుంది. కొబ్బరి లడ్డు చుట్టగలిగినంత గట్టిగా ఉంటే రెండు చెంచాల నీరు చల్లవచ్చు, జారుగా ఉంటే ఇంకో రెండు చెంచాల వేయించిన రవ్వ కలపవచ్చు.

ఉదయం లేవగానే నీళ్ళు మరిగించి, ముద్దను అరటాకు ముక్కల్లో పరచి మడిచి, ఇడ్లీ పాత్రలో పెట్టి మీ స్నానాలు చేసి రండి. అరటాకులు గాంధీ బజారులో సులభంగా దొరుకుతాయి. ఆకును పొయ్యి సెగకు ఒకసారి చూపిస్తే చిరగకుండా మడతపడుతుంది. మీ కుండీల్లో పసుపు మొక్క ఉంటే ఆ ఆకులో చుట్టి చూడండి, ఆ పరిమళానికి యాలకుల పొడి కూడా అక్కరలేదు. ఆకులు లేకపోతే నెయ్యి రాసిన గిన్నెలో రెండంగుళాల మందాన వేసినా సరిపోతుంది, అప్పుడు ముప్పై అయిదు నిమిషాలు కావాలి. పుల్ల గుచ్చి చూస్తే తడి అంటకూడదు. దించిన వెంటనే ముక్కలు కోయవద్దు, వేడి మీద అది ముద్దగానే అనిపిస్తుంది, పది నిమిషాలు ఆరితే గట్టిపడుతుంది. మీ రెండో ప్రయత్నంలో తొందరపడి వేడి మీదే విప్పి చూసి ఉంటారని నాకు ఒక అనుమానం.

సొరకాయతో ఇది చేయాలంటే తురుమును ముందు బట్టలో పిండాలి. పిండిన నీటిని పారబోయకుండా చపాతీ పిండిలో కలుపుకోవచ్చు.

చక్కెర లెక్క:

ప్రశ్నలోని చివరి మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. పంచదార బదులు బెల్లం వాడితే చక్కెర వ్యాధి ఉన్నవారికి ఫర్వాలేదన్నది పొరపాటు. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉండవచ్చు గాని, అందులో అధిక భాగం పంచదారలో ఉండే సుక్రోజే. రక్తంలో చక్కెర పెరగడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ భేదం లేదు. నాకు పదహారేళ్ళుగా ఈ వ్యాధి ఉంది. బెల్లం మంచిదేనంటూ చుట్టాలు పెట్టిన అరిసెలు, పూర్ణాలు తిన్న మరునాటి లెక్కలు నా పుస్తకంలో ఉన్నాయి.

పైగా పై వంటలన్నిటిలో బియ్యమో, బియ్యపు రవ్వో ప్రధానం. బెల్లం తీసేసినా అవి తేలికైనవి కావు. మీ అత్తగారి కోసం నా సలహా ఏమిటంటే, ఇనుప పెనం గారు చెప్పిన పద్ధతిలో పిండి రుబ్బి, బెల్లం కలపకముందే ఆమె వాటా తీసి పక్కన పెట్టండి. ఆమె వాటాను విడిగా, సగం బియ్యానికి బదులు నానిన పెసరపప్పు వేసి రుబ్బితే ఇంకా మంచిది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి ఆమెకు కారపు అట్టు పోయండి. ఇంట్లో అందరూ తీపి తింటుండగా తనకొక్కదానికే కారం అని ఆమెకు కష్టంగా ఉంటే, బాగా పండిన గుమ్మడి ముక్కను పెనం మీద కొద్దిపాటి నేతితో, రెండు వైపులా ఎర్రబడేవరకు కాల్చి పక్కన పెట్టండి. బెల్లం లేకుండానే తియ్యగా ఉంటుంది. దానికి కూడా కొలత ఉండాలి. ఆమె వైద్యుడు చెప్పినదానికంటే ఇక్కడ మేము రాసినది ఎక్కువ కాదు.

పిల్లల విషయంలో కూడా రోజూ వద్దు. వారానికి రెండు రోజులు తీపి పెట్టి, తక్కిన రోజుల్లో అవే కాయలను కారపు రొట్టెల్లోకి, సర్వపిండిలోకి పంపించండి.

పరంగికాయ:

చెన్నై మైలాపూరు నుంచి రాస్తున్నాను. ఇక్కడ గుమ్మడిని పరంగి అంటారు, ఇంట్లో మేమూ అదే మాట అనేస్తున్నాము. ఉడికించి మెదిపిన పరంగి ఒక గ్లాసు, గోధుమ పిండి ఒక గ్లాసు, బియ్యప్పిండి రెండు చెంచాలు, కరిగించి వడకట్టిన బెల్లం అర గ్లాసు కలిపి గుంత పొంగనాల పెనంలో నేతితో కాలిస్తే పదిహేను నిమిషాల్లో డబ్బాలోకి సర్దగలిగే టిఫిను అవుతుంది. ఇక్కడి వెల్లం పణియారానికి, అంటే బెల్లం పొంగనాలకు, ఇది చుట్టం. వేడిగా ఉన్న బెల్లంపాకం పిండిలో పోస్తే ఉండలు కడుతుంది, చల్లారాక పోయండి.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి ఇంట్లో వేసవి వస్తే జుకినీ కాయలతో మీ పరిస్థితే. వారు దానిని తురిమి తీపి రొట్టెగా కాలుస్తారు. అక్కడ ఆగస్టు 8ని, పొరుగింటి గుమ్మంలో ఎవరూ చూడకుండా జుకినీ పెట్టి వచ్చే దినంగా సరదాకు జరుపుకుంటారట. మూడో కాయకు తలుపు తీయని మీ ఎదురింటివారి సంగతి చదవగానే అదే గుర్తుకు వచ్చింది.

బనశంకరి మిద్దెతోట:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వారం రోజుల్లో మూడు పద్ధతులూ చేసి చూసి ఇది రాస్తున్నాను.

మొదట సొరకాయ అట్లు. నేను గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ముక్కలు వేసి రుబ్బితే నా కాయకు పిండి కొంచెం పలచనైంది. లేత కాయ కావడం వల్ల కావచ్చు. రెండు చెంచాల బియ్యప్పిండి చేర్చాక సరిపోయింది. మరునాడు ముదురు కాయతో చేస్తే కొలత అక్షరాలా కుదిరింది. పెట్టెలో పడి ఉన్న మా అత్తగారి పాత ఇనుప పెనం తీసి, మూడు రోజులు నూనె రాసి కాచి సిద్ధం చేశాను. మొదటి అట్టు అంటుకుంది, రెండోది సగం వచ్చింది, మూడో అట్టు నుంచి వెన్నలా జారింది. కాయి బెల్ల పక్కన పెట్టడం మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పనికి వచ్చిన సలహా. పెద్దవాడు అట్టుతో కాయి బెల్ల తిన్నాడు, చిన్నది కాయి బెల్లతో అట్టు తిన్నది, తేడా మీకు అర్థమయ్యే ఉంటుంది. నలుగురికి తొమ్మిది అట్లు వచ్చాయి, ముప్పావు కాయ ఖర్చయింది.

గుమ్మడి ముద్దను అరటాకులో ఉడికించాను. కోనసీమ కోడలు గారి అనుమానం నిజమే, ఆనాడు నేను వేడి మీదే విప్పాను. ఈసారి పది నిమిషాలు ఆగితే, కత్తికి అంటకుండా కోసుకోవడానికి వచ్చింది. దీనిని బడికి కూడా పెట్టి పంపాను, మధ్యాహ్నానికి కూడా మెత్తగానే ఉందట. పొంగనాలు బాగున్నాయి గాని, గోధుమ పిండి వల్ల చల్లారాక కొంచెం సాగుతున్నాయి. నేను సగం గోధుమ పిండి తగ్గించి బొంబాయి రవ్వ వేశాను, అప్పుడు నచ్చాయి.

తీగల మనిషి గారు చెప్పినట్టు ప్రతి కాయా రుచి చూస్తున్నాను. ట్యాంకు పక్కన ఎండ ఎక్కువ తగిలే కొమ్మకు కాసిన ఒక కాయ కొసన చేదుగా ఉంది. అంతకుముందైతే ఆ కొస కోసేసి మిగిలినది వండేదాన్ని. ఈసారి మొత్తం కంపోస్టులో వేశాను.

అత్తగారి సంగతి. పెసరపప్పు కలిపిన కారపు అట్టు ఆమెకు బాగా నచ్చింది. బెల్లం గురించి మీరు రాసినది చదివి వినిపిస్తే, “ఆ మాట మా డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు, మీరెవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు” అన్నారు.

ఇప్పుడు నాలుగు గుమ్మడికాయలు, అయిదు సొరకాయలు మిగిలి ఉన్నాయి. సొరకాయలు ముందు వాడేయాలా, గుమ్మడికాయలా? గుమ్మడి ఎన్నాళ్ళు నిలువ ఉంటుంది?

తీగల మనిషి:

సొరకాయలు ముందు వాడండి. లేత సొరకాయ వారం దాటితే వడలి, లోపల బెండుబారుతుంది. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే తురిమి, నీరు పిండేసి, ఒక్క పూటకు సరిపడా పొట్లాలుగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. కరిగాక మళ్ళీ నీరు వదులుతుంది, కూరకు బాగుండదు గాని మీ అట్లకు సరిపోతుంది.

గుమ్మడికాయలు తీగ మీదే బాగా పండి, గోరు గుచ్చితే దిగనంత చెక్కు గట్టిపడ్డాక, రెండంగుళాల తొడిమతో కోసినవైతే, గాలి తగిలే నీడ చోట రెండు మూడు నెలలు నిలుస్తాయి. తొడిమ ఊడిన కాయ ఉంటే దానిని మొదట వండండి, కుళ్ళు అక్కడి నుంచే మొదలవుతుంది. కడగవద్దు, ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు, నేల మీద పెట్టేటట్లయితే కింద గోనెపట్టా వేయండి. వానాకాలపు తేమ గోడ పక్కన ఉంచకుండా, ఊళ్ళో పెట్టినట్టు ఉట్టిలో వేలాడదీస్తే ఇంకా మంచిది.